మ్యూజియానికి నాలుగు నిమిషాల నడక

అద్దె ప్రకటనని కూడా ఒక రచనగా చదవొచ్చు. దానికీ ఒక కథకుడు ఉంటాడు, ఒక గొంతు ఉంటుంది, మనసులో పెట్టుకున్న పాఠకుడు ఉంటాడు. అన్నిటికంటే ముఖ్యంగా, చెప్పకుండా వదిలేసినవి ఉంటాయి.

పోయిన చలికాలం న్యూ ఆర్లీన్స్‌లో పది రోజులు ఉందామని ఇల్లు వెతుకుతుంటే, ట్రెమే పేటలో ఒక రెండు గదుల వాటా గురించిన ప్రకటన కనబడింది. వంద మాటలు కూడా ఉండవు. అందులో ‘దగ్గర’ అన్న మాట నాలుగుసార్లు వచ్చింది. ఫ్రెంచ్ క్వార్టర్‌కి దగ్గర. ఆర్మ్‌స్ట్రాంగ్ పార్క్‌కి దగ్గర. మార్డి గ్రా సంబరాలకి దగ్గర. మంచి గంబో దొరికే చోటికి దగ్గర. చివర్లో ఒక వాక్యం: బ్యాక్‌స్ట్రీట్ కల్చరల్ మ్యూజియానికి నాలుగు నిమిషాల నడక. ఆ ఆఖరి వాక్యం చూసే నేను డబ్బులు కట్టాను.

నేనుండేది హ్యూస్టన్‌లో. ఇక్కడి తెలుగువాళ్ళకి న్యూ ఆర్లీన్స్ అంటే లాంగ్ వీకెండ్. ఐ-10 ఎక్కి తూర్పుకి ఐదారు గంటలు బండి తోలితే వచ్చేస్తుంది. బర్బన్ స్ట్రీట్‌లో ఫొటోలు, కెఫే దు మోండ్‌లో పంచదార పొడి రాలే బెన్యేలు, ఆదివారం సాయంత్రానికి మళ్ళీ ఇల్లు. ఈసారి నాతో రెండు తీసుకెళ్ళాను. ఒకటి సారా ఎం. బ్రూమ్ రాసిన ‘ది యెల్లో హౌస్’. 2019లో వచ్చి, ఆ ఏడే అమెరికా నేషనల్ బుక్ అవార్డు తెచ్చుకున్న జ్ఞాపకాల పుస్తకం. రెండోది డేవిడ్ సైమన్, ఎరిక్ ఓవర్‌మయర్ తీసిన ‘ట్రెమే’. 2010 నుంచి 2013 దాకా హెచ్‌బీవోలో నాలుగు సీజన్లు నడిచిన సిరీస్. పగలు మ్యూజియం, ఊరు. రాత్రి పుస్తకం, సిరీస్. ప్రకటన మాత్రం పది రోజులూ ఫోన్లో ఉంది.

ఈ నాలుగూ ఒకే ఊరి గురించి మాట్లాడతాయి. నాలుగూ ఆ ఊరిని ప్రేమిస్తున్నామనే అంటాయి. ఏది ఎంత నిజంగా అంటోందో తేల్చుకోడానికి నాకు ఒక్క ప్రశ్న సరిపోయింది. పండగ అయిపోయాక, దాన్ని తయారుచేసినవాళ్ళు ఆ రాత్రి ఎక్కడ పడుకుంటారో ఈ రచనకి తెలుసా?

వెనకవీధి పండగ

ముందు మ్యూజియం సంగతి. మార్డి గ్రా అనగానే మనకి గుర్తొచ్చేది శకటాల మీంచి పూసల దండలు విసిరే పండగ. ఆ పండగకి జాక్సన్ స్క్వేర్ పక్కన, ప్రెస్బిటేర్ అనే పాత భవనంలో, రాష్ట్ర మ్యూజియం వారి ప్రదర్శన ఉంది. కిరీటాలు, రాణుల గౌన్లు, 1857లో మొదలైన కోమస్ లాంటి సంఘాల వైభవం. ఊరేగింపుకి పర్మిట్ కావాలంటే సభ్యత్వంలో జాతి వివక్ష ఉండకూడదని 1990ల మొదట్లో నగర మండలి చట్టం చేస్తే, కోమస్, మోమస్ సంఘాలు వీధిలో ఊరేగడమే మానుకున్నాయి. అది ఊరికి ముందువైపు ముఖం.

వెనకవీధుల్లో ఇంకో పండగ ఉంది. నల్లజాతి పేటల్లో ‘మార్డి గ్రా ఇండియన్లు’ అని తెగల పేర్లతో తిరిగే బృందాలున్నాయి. పారిపోయిన బానిసలకి ఆశ్రయమిచ్చిన ఆదిమ జాతులవాళ్ళని తలుచుకుంటూ ఈ వేషం మొదలైందని వాళ్ళు చెప్పుకుంటారు. ఏడాదంతా చేత్తో పూసలు కుట్టి, ఆస్ట్రిచ్ ఈకలు తగిలించి, ఒక్కొక్కరూ ఒక్కో సూట్ తయారుచేసుకుంటారు. మరుసటేడు మళ్ళీ కొత్తది. బేబీ డాల్స్ అని చిన్నపిల్లల గౌన్లు వేసుకుని వీధికెక్కే ఆడవాళ్ళ బృందాలు 1910ల నుంచీ ఉన్నాయి. మార్డి గ్రా రోజు తెల్లారకముందే అస్థిపంజరాల వేషంలో తలుపులు తట్టి, నువ్వూ ఒకరోజు పోయేవాడివే, బతుకు సరిచేసుకో అని గుర్తుచేసే స్కల్ అండ్ బోన్ గ్యాంగ్ ఉంది. చావుకి బ్యాండుతో సాగనంపే జాజ్ అంత్యక్రియలున్నాయి. ఆ బ్యాండు వెనక, పిలవకుండానే వచ్చి చిందేసేవాళ్ళ వరుసకే ‘సెకండ్ లైన్’ అని పేరు.

వీటన్నిటినీ ఒకచోట చేర్చినవాడు సిల్వెస్టర్ ఫ్రాన్సిస్. విద్యావేత్త కాడు, క్యూరేటర్ కాడు. కెమెరా పట్టుకుని ఊరేగింపుల వెంట, చావుల వెంట ఏళ్ళ తరబడి తిరిగిన మనిషి. 1999లో ట్రెమేలో మ్యూజియం తెరిచాడు. తెరిచిన చోటు ఒకప్పటి బ్లాండిన్ ఫ్యూనరల్ హోమ్, అంటే శవాన్ని సాగనంపే ముందు ఉంచే ఇల్లు. ఇంతకంటే తగిన చోటు దొరకదనిపిస్తుంది. ఆ సెకండ్ లైన్లు నడిపే క్లబ్బులు మొదట్లో పరస్పర సహాయ సంఘాలే కదా. నల్లవాళ్ళకి బీమా అమ్మేవాళ్ళు లేని రోజుల్లో, సభ్యుల చందాలతో జబ్బుకి, చావుకి ఖర్చు పెట్టుకున్న సంఘాలు.

ఫ్రాన్సిస్ 2020లో పోయాడు. మరుసటేడు ఐడా తుఫానుకి ఆ భవనం దెబ్బతింది. 2022లో మ్యూజియం అదే పేటలో సెయింట్ ఫిలిప్ వీధికి మారింది. ఇప్పుడు ఆయన కూతురు నడుపుతోంది. పేటలో మనుషులతోబాటు మ్యూజియం కూడా ఇల్లు మారాల్సొచ్చిందన్నమాట.

లోపల గదులు చిన్నవి. సూట్లు మనిషి ఎత్తు దాటి నిలబడి ఉంటాయి, ఒకదాని ఈకలు ఇంకోదానికి తగులుతూ. వాటికి దగ్గరగా నిలబడితే ముందు కనిపించేది రంగు కాదు, కుట్టు. ఒక్కో పూసా ఒక్కోసారి సూది దించి తీసిందే. చూస్తున్నవాళ్ళకి తెలియకుండానే లెక్క మొదలవుతుంది: ఎన్ని రాత్రులు? ఏ దీపం కింద? ఎవరింటి వంటగది బల్ల మీద? నా ప్రశ్నకి మ్యూజియం ఇలా, మాట్లాడకుండా జవాబు చెప్తుంది. ఈ సూట్ ఏదో ఒక ఇంట్లో తయారైంది. ఆ ఇల్లు ఈ చుట్టుపక్కలే ఉండేది.

‘ఉండేది’ అన్న మాట

ట్రెమే అమెరికాలో అతి పాత నల్లజాతి పేటల్లో ఒకటి. బానిసత్వం ఉన్న రోజుల్లోనే స్వేచ్ఛ పొందిన నల్లవాళ్ళు ఇక్కడ సొంత ఇళ్ళు కొనుక్కున్నారు. ఆ తర్వాతి చరిత్ర రెండు కూల్చివేతలతో చెప్పొచ్చు. ‘సాంస్కృతిక కేంద్రం’ కడతామని పేటలో ఇళ్ళ వరసలకి వరసలే పడగొట్టారు. ఇప్పుడు అక్కడ ఆర్మ్‌స్ట్రాంగ్ పార్క్ ఉంది. సంస్కృతి కోసం, దాన్ని చేసేవాళ్ళ ఇళ్ళు తీసేయడం ఇక్కడ అప్పటినుంచే ఉందన్నమాట. 1966లో క్లేబోర్న్ అవెన్యూ మధ్యలో వరసగా ఉన్న పెద్ద ఓక్ చెట్లు నరికేసి, ఆ నీడలో జరిగే మార్డి గ్రా మీదుగా ఎత్తైన రహదారి వేశారు. ఆ రహదారే ఐ-10. హ్యూస్టన్ నుంచి నేనొచ్చిన దారి. ఇప్పటికీ పండగ రోజు జనం ఆ వంతెన కిందే కలుస్తారు. కాంక్రీటు స్తంభాల మీద ఎవరో ఓక్ చెట్ల బొమ్మలు వేశారు.

ఆ తర్వాత 2005 ఆగస్టులో కట్రీనా. 2007 డిసెంబరులో నగర మండలి నాలుగు ప్రభుత్వ గృహ సముదాయాలు పడగొట్టడానికి ఓటేసింది. సుమారు 4,500 వాటాలు. వాటిలో ఒకటైన లాఫిట్ ట్రెమేని ఆనుకునే ఉండేది. ఇక 2017 నుంచి పర్యాటకులకి రోజువారీ అద్దెకి ఇళ్ళివ్వడం చట్టబద్ధమైంది. నివాస వీధుల్లో సొంతంగా కాపురముండేవాళ్ళే అలా ఇవ్వాలని 2019లో నగరం నిబంధన పెడితే, 2022లో ఫెడరల్ అప్పీళ్ళ కోర్టు దాన్ని కొట్టేసింది. 2023లో నగరం మళ్ళీ, బ్లాకుకి ఒక్కటే అని కొత్త నియమం రాసింది. నేను తీసుకున్న వాటా ఈ కథ చివర్లో ఉంది. దాని తలుపుకి తాళంచెవి లేదు, అంకెలు నొక్కే పెట్టె ఉంది. గోడ మీద ట్రంపెట్ వాయించేవాడి బొమ్మ ఉంది. మంచం పక్క బల్ల మీద చిన్న గాజు గిన్నెలో ఇయర్‌ప్లగ్స్ ఉన్నాయి.

ఆ గిన్నెని ప్రకటన పక్కన పెట్టి చదవాలి. సంబరాలకి దగ్గర అని పిలిచినవాళ్ళే, సంబరం వినబడకుండా ఏర్పాటు కూడా చేశారు. ఇదేదో చిన్న తమాషా అనుకోడానికి లేదు. 2007లో కర్విన్ జేమ్స్ అనే ట్యూబా వాద్యకారుడు పోతే, తోటి కళాకారులు ఆ అక్టోబరులో ట్రెమేలో ఆనవాయితీ ప్రకారం రాత్రి వీధిలో వాయిస్తూ నడిచారు. పోలీసులొచ్చి ఊరేగింపు ఆపేసి, డెరిక్ టాబ్, గ్లెన్ డేవిడ్ ఆండ్రూస్ అనే ఇద్దరు అన్నదమ్ములని పట్టుకెళ్ళారు. శాంతికి భంగం, పర్మిట్ లేని ఊరేగింపు అని కేసు. తరాలుగా చావుకి వాయిస్తున్న పేటలో, చావుకి వాయించడం గోలైంది. దానికి రెండేళ్ళ ముందు, 2005 జూన్‌లో, యాభై ఏళ్ళకి పైగా సూట్లు కుట్టిన బిగ్ చీఫ్ టూటీ మోంటానా, ఇండియన్ల మీద పోలీసుల దౌర్జన్యం గురించి నగర మండలి ముందు మాట్లాడుతూ అక్కడికక్కడే కుప్పకూలి చనిపోయాడు. ఇప్పుడు ఆర్మ్‌స్ట్రాంగ్ పార్క్‌లో ఆయన విగ్రహం ఉంది. నేనున్న వాటాకి అది కూడా దగ్గరే.

సిరీస్‌కి ఎంత తెలుసు

‘ట్రెమే’ మీద ఒక ఫిర్యాదు పాతదే: పాఠం చెప్తుంది. నిజమే. పాత్రలు ఒకళ్ళకొకళ్ళు చెప్పుకోనక్కర్లేని సంగతులు మనకోసం చెప్పుకుంటారు. బ్యాండు పేరు, పాట చరిత్ర, వంటలో ఏం పడాలో. ఇక డేవిస్ అనే పాత్ర. ట్రెమేలో అద్దెకుండే తెల్లవాడు, రేడియో డీజే. కొత్తగా ఇల్లు కొనుక్కున్న పక్కింటివాళ్ళ మీద కోపంతో స్పీకర్లు వాళ్ళ వైపు తిప్పి పాటలు మోగిస్తాడు. పేట వాళ్ళది కాదని అతని బాధ. తనదెలా అయిందో అతనెప్పుడూ అడుక్కోడు. సిరీస్ అతన్ని చూసి నవ్వుతుంది, కానీ అతని కళ్ళతోనే చాలాసేపు ఊరిని చూస్తుంది. రచయితలు తమని తాము అతనిలో చూసుకున్నారేమో అనిపిస్తుంది. అందుకే ఆ నవ్వులో ముల్లు తక్కువ.

కానీ ఆల్బర్ట్ లాంబ్రో దగ్గరికొచ్చేసరికి సిరీస్ వేరే ఎత్తుకి వెళ్తుంది. క్లార్క్ పీటర్స్ వేసిన ఈ బిగ్ చీఫ్, వరదకి పోయిన ఇంటికి తిరిగొచ్చి, ఒక పాడుబడ్డ బార్ శుభ్రం చేసుకుని అందులోనే పడుకుని, అక్కడే సూట్ కుడతాడు. మొదటి సీజన్ మూడో ఎపిసోడ్‌లో, చనిపోయిన తమ మనిషి కోసం కూలిన ఇంటిముందు ఇండియన్లు ప్రార్థనగా పాడుతుంటే ఒక టూరిస్టు బస్సొచ్చి ఆగుతుంది. కిటికీల్లోంచి కెమెరాలు. పాట ఆగిపోతుంది. వెళ్ళిపొమ్మంటే డ్రైవరు సిగ్గుపడి బస్సు తీసుకుపోతాడు. ఎవరూ పాఠం చెప్పరు. ఆ బస్సు అద్దంలో మనమూ ఉన్నాం కదా, సోఫాలో కూర్చుని చూస్తున్నవాళ్ళం.

అంతకంటే గట్టి సన్నివేశం తర్వాత వస్తుంది. వరదకి పెద్దగా చెడకపోయినా మూసేసిన ప్రభుత్వ గృహాల్లోకి లాంబ్రో తాళం పగలగొట్టి వెళ్ళి, నిరసనగా కాపురం పెడతాడు. అరెస్టవుతాడు. మార్డి గ్రా రోజు ఊరంతా వీధిలో ఉంటే, బిగ్ చీఫ్ జైల్లో ఉంటాడు. పండగ రాత్రి వాళ్ళెక్కడ పడుకుంటారన్న ప్రశ్నకి ఇంత సూటి జవాబు తెర మీద నేనింకెక్కడా చూడలేదు. ఈకల సూట్ గురించిన కథని అద్దెల కథగా మార్చగలిగిన చోట ‘ట్రెమే’ గొప్పది. పాటల జాబితాగా మిగిలిన చోట అది కూడా ప్రకటనే, కాకపోతే చాలా మంచి ప్రకటన.

పటంలో లేని ఇల్లు

‘ది యెల్లో హౌస్’లో మార్డి గ్రా దాదాపు లేదు. న్యూ ఆర్లీన్స్ పుస్తకానికి అదే మొదటి గెలుపు. ఇది పండగ గురించి కాదు, పండగకి దూరంగా, ఊరి తూర్పు చివర ఉన్న ఒక ఇంటి గురించి. 4121, విల్సన్ అవెన్యూ. సారా తల్లి ఐవరీ మే, 1961లో, పందొమ్మిదేళ్ళ వయసులో, మొదటి భర్త పోయాక వచ్చిన డబ్బుతో 3,200 డాలర్లకి కొన్న ఇల్లు. రైలుపెట్టెలా గది వెనక గది. పన్నెండుమంది పిల్లలు. సారా ఆఖరిది. నేల కుంగుతుంది, గోడలు నెర్రెలిస్తాయి, తండ్రి మొదలుపెట్టిన మరమ్మతులు ఆయన చావుతో ఆగిపోతాయి. ఇల్లు చూస్తే ఏమనుకుంటారోనని స్నేహితులని పిలవరు. ఆ సిగ్గుని బ్రూమ్ రాసిన తీరు పుస్తకంలో నాకు అన్నిటికంటే నచ్చింది. పేదరికం మీద జాలి పుట్టించదు. శుభ్రంగా ఇస్త్రీ చేసిన బట్టలేసుకుని ఆ ఇంట్లోంచి బయటికొచ్చే పిల్లలని చూపించి ఊరుకుంటుంది.

పుస్తకం ఆకాశంలోంచి మొదలవుతుంది. అంత ఎత్తు నుంచి ఆ ఇల్లొక చుక్క. పర్యాటకులకిచ్చే పటాల్లో ఆ తూర్పు ప్రాంతం ఉండనే ఉండదు. ప్రకటన దూరాలని నిమిషాల్లో కొలిచేది ఇలాంటి పటం మీదే అని నాకప్పుడు తట్టింది. ప్రకటన ‘దగ్గర’ అన్నప్పుడు ఇల్లు అతిథిది, దగ్గరున్నది సంస్కృతి. బ్రూమ్ ఆ కొలబద్దని తిరగేస్తుంది. ఫ్రెంచ్ క్వార్టర్‌లో వండేవాళ్ళు, పక్కలు సర్దేవాళ్ళు పని దిగాక ఎంత దూరం పోతారు? ఆమె కుటుంబానికి క్వార్టర్ అంటే చూసే చోటు కాదు, పనికి పోయే చోటు.

అందుకే నాలుగో భాగంలో ఆమె చేసే పని అంత ఆసక్తిగా ఉంటుంది. కట్రీనా తర్వాత కొన్నేళ్ళకి తిరిగొచ్చి, సరిగ్గా ఆ ఫ్రెంచ్ క్వార్టర్‌లోనే ఒక వాటా అద్దెకి తీసుకుంటుంది. పుట్టి పెరిగిన ఊళ్ళో, ఊరు తన గురించి చెప్పుకునే కథ నట్టనడుమ, అద్దెదారుగా ఉంటుంది. అంతకుముందు కొన్ని నెలలు మేయర్ కార్యాలయంలో ఉపన్యాసాలు రాసే ఉద్యోగం కూడా చేసింది. అంటే ఊరి ప్రకటన భాష ఆమెకి లోపలినుంచి తెలుసు. ఈ భాగం కొంత చెదిరినట్టుంటుందని, మొదటి రెండు భాగాల బిగువు లేదని కొట్టిపారేయొచ్చు. నాకూ కొన్ని పేజీలు సాగినట్టే అనిపించాయి. అయితే ఇంటిలో ఉన్నంతసేపు ఆమె వాక్యం స్థిరంగా ఉండి, అద్దె వాటాలో తడబడటం సహజమేననిపించింది. నేల ఉన్నప్పటి వాక్యానికీ, నేల లేనప్పటి వాక్యానికీ తేడా తెలుస్తుంది. సంపాదకుడు కత్తిరించి ఉంటే ఆ తేడా పోయేది.

ఇల్లు ఏమైంది? కట్రీనా తర్వాత 2006లో నగరం పడగొట్టింది. పడగొడుతున్నామన్న నోటీసుని, పడగొట్టబోయే ఆ ఇంటి పోస్టు డబ్బాలోనే వేసింది. అప్పటికి అక్కడ ఎవరూ లేరు. ఇంత చేదు సంగతిని బ్రూమ్ గొంతు పెంచకుండా చెప్తుంది.

మళ్ళీ ఆ వంద మాటలు

ఇన్ని చదివాక ప్రకటనని మళ్ళీ తీసి చూస్తే, అందులో అబద్ధం ఒక్కటీ లేదు. నడిచి చూశాను, మ్యూజియానికి నాలుగు నిమిషాలే. పట్టింపు వ్యాకరణం దగ్గర. ఆ వాక్యాల్లో చోట్లున్నాయి, మనుషులు లేరు. సంగీతం ‘వినిపిస్తుంది’, ఊరేగింపులు ‘వస్తాయి’, వంటలు ‘దొరుకుతాయి’. కర్త లేడు. కర్త ఉంటే, అతనికో ఇల్లుండాలి. ఇల్లుండాలంటే, ఆ ఇల్లు ఏదీ అన్న ప్రశ్న వస్తుంది. రెండు గదుల ఆ వాటాలో ఒకప్పుడు ఎవరుండేవారో, వాళ్ళు ఏడాదంతా ఏం కుట్టేవారో, లేక ఏమీ కుట్టకుండా మామూలుగా బతికేవారో, అది ప్రకటనకి అక్కర్లేదు.

పర్యాటకులు రాకూడదని నేననను. మ్యూజియం మాలాంటివాళ్ళ టిక్కెట్ల మీద కూడా నడుస్తుంది. ఊరికి ఆ డబ్బు కావాలి. రాత్రికి ఎక్కడో ఓచోట పడుకోవాలి కదా. కానీ ఊరి గురించి రాసే ప్రతిదాన్నీ, అది యాత్రాకథనం కానీ, నవల కానీ, సిరీస్ కానీ, ఈ ఒక్క ప్రశ్నతో చదవొచ్చు. ఇందులో కళాకారుడికి చిరునామా ఉందా? పండగ వర్ణన ఎంత అందంగా ఉన్నా, మర్నాడు పొద్దున్న ఆ డప్పువాడు ఏ బస్సెక్కి ఎక్కడికి పోయాడో రాసినవాడికి తెలియకపోతే, అది ‘దగ్గర’ అనే మాటని నాలుగుసార్లు వాడిన రచనే.

బ్రూమ్ పుస్తకంలో ఆమె అన్న కార్ల్ ఉన్నాడు. ఇల్లు పోయాక కూడా అతను ఆ ఖాళీ స్థలానికి వస్తూనే ఉంటాడు. గడ్డి కోస్తాడు. కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంటాడు, కాపలా కాయడానికి అక్కడేమీ లేకపోయినా. ఏ మ్యూజియానికీ నడిచిపోయేంత దగ్గర్లో లేని చోటు అది. ఏ యాప్‌లోనూ అద్దెకి రాదు. న్యూ ఆర్లీన్స్ మీద నేను చదివిన వాటిలో, మనిషికీ చోటుకీ మధ్య దూరం ఏమీ లేదని నాకు నమ్మకం కలిగించింది ఆ ఒక్క పేజీ.